ఓడ ప్రయాణమునకు ఏజెంటు అవసరమా?

చిక్కడపల్లికి సముద్రము దూరము. నారాయణగూడ కూడలినుండి ఏ దిక్కునకు బయలుదేరినను, విహారనౌక నెక్కుటకు 600 కిలోమీటర్లకు పైగా పోవలసినదే. విశాఖపట్టణమైనను చెన్నపట్టణమైనను ఒక రాత్రి ప్రయాణము; ముంబయి ఇంకను దూరము. అయినను అశోక్‌నగరులోని నగర కేంద్ర గ్రంథాలయమునకు ఉదయముననే పత్రికలు చదువ వచ్చు పెద్దలు, కాశీ రామేశ్వరములను గురించి మాటలాడుకొనినంత సహజముగా నేడు ఓడ ప్రయాణములను గురించియు మాటలాడుకొనుచున్నారు. ఉద్యోగ విరమణ చేసినవారికి చేతిలో కొంత సొమ్మును, కొంత తీరికయు ఉండును. విదేశములనున్న పిల్లలు "ఒక్కసారి ఓడలో తిరిగి రండి" అని ప్రోత్సహింతురు. అంతలో పత్రికలో ఒక ప్రకటన కనబడును. ఆ సాయంకాలమే ఇంటిలో చర్చ మొదలగును: టిక్కెట్టు మనమే కొందమా? లేక ఏజెంటుచేత కొనిపింతమా?

ఈ ప్రశ్నను చాలమంది ధరల ప్రశ్నగా భావింతురు. ఏజెంటువలన ఎంత తగ్గును, ఎంత పెరుగును అని లెక్కలు వేయుదురు. లెక్క చూచుకొనుట తప్పు కాదు. కాని ఓడ ప్రయాణమున అసలు ప్రశ్న వేరొకటి కలదు. ప్రయాణములో ఏదేని చిక్కు కలిగిననాడు మనకు జవాబు చెప్పవలసినవారు ఎవరు? ఆ జవాబుదారీ కాగితముమీద ఉన్నదా, మాటమీద మాత్రమే ఉన్నదా? ఈ సంగతి తేలినచో తక్కిన నిర్ణయము సులభమగును.

తెలుగువారికి ఓడయు క్రొత్త కాదు, మధ్యవర్తియు క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి రెండవ ప్రపంచ యుద్ధమువరకు కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి వేలకొలది శ్రామికులు స్టీమర్లలో రంగూనునకు పోయిరి. కోరంగి రేవు పేరుమీదుగానే బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అను పేరు వచ్చినది. వారిలో అనేకులకు టిక్కెట్టు కొనిచ్చినవాడు మేస్త్రీ. బయానా ఇచ్చి, ఓడ నెక్కించి, ఆవలి ఒడ్డున పనిలో చేర్చి, కూలిలోనుండి ఆ బాకీని రాబట్టుకొనెడివాడు. ఆ ప్రయాణికునికి మధ్యవర్తిని ఎంచుకొను స్వేచ్ఛయు లేదు, షరతులు చదువుకొను అవకాశమును లేదు. నేటి విహారయాత్రికునికి ఆ రెండును కలవు. ఉన్న హక్కును వినియోగించుకొనకుండుట మాత్రము అవివేకము.

మన దేశపు రేవులనుండి బయలుదేరు విహారనౌకల సంగతి ముందుగా చూతము. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ 'ఎంప్రెస్' అను నౌకను ముంబయినుండి నడుప నారంభించినది. ఆ నౌక 1990లో ఫ్రాన్సు దేశమున నిర్మాణము పూర్తిచేసికొనినది. రైల్వేవారి ఐ.ఆర్.సి.టి.సి. సంస్థయు ఆ యాత్రల టిక్కెట్లు అమ్ముటకు ఒప్పందము చేసికొనినది. అనగా ప్రభుత్వ రంగ సంస్థయే ఇచట ఏజెంటు పాత్ర వహించినది. 2022 జూనులో ఆ నౌక విశాఖపట్టణమునకు వచ్చి, పుదుచ్చేరి, చెన్నపట్టణములకు యాత్రలు ప్రారంభించినది. 2023 సెప్టెంబరు 4వ తేదీన విశాఖ రేవులో విహారనౌకలకొరకు సుమారు 96 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించిన ప్రయాణికుల కేంద్రము ప్రారంభమైనది. అయితే రైళ్లవలె ఈ నౌకలు సంవత్సరము పొడుగునను ఒకే రేవునుండి బయలుదేరవు. ఋతువునుబట్టి రేవు మారును. ఆ యేటి పట్టిక చూడనిదే సెలవు పెట్టరాదు, రైలు టిక్కెట్టు కొనరాదు.

ఇక విదేశపు రేవుల మాట. మన నగరమునుండి విమానములో సింగపూరు చేరి, అక్కడ ఓడ నెక్కి, మలేషియా రేవులను చూచి తిరిగివచ్చువారు కలరు. అమెరికాలో పిల్లలయొద్దకు పోయినప్పుడు వారితో కలసి అలాస్కాకో, కరేబియను దీవులకో పోవువారును కలరు. ఈ మూడు విధముల ప్రయాణములకు ఒకే సలహా చెల్లదు.

ఇప్పుడు ఏజెంటు అనగా ఎవరో విచారింతము. వాడుకలో మనము టిక్కెట్టు అమ్ము ప్రతివానిని ఏజెంటు అందుము. చట్టమునకు ఆ మాట ఒక నిర్దిష్టమైన అర్థము కలది. 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టమున 230వ విభాగము ప్రకారము, ఏజెంటు తన యజమాని తరపున చేసిన ఒప్పందమునకు, వేరుగా అంగీకరించిననే తప్ప, సాధారణముగా తాను స్వయముగా బద్ధుడు కాడు. ఓడ కంపెనీ పేరు స్పష్టముగా చెప్పి, ఆ కంపెనీ టిక్కెట్టును మనకు ఇప్పించినవాడు, ఓడ కదలకపోయినచో "అది కంపెనీవారి సంగతి" అనుటకు వీలున్నది. అట్లుగాక, తన పేరుమీదనే యాత్రను ఏర్పాటుచేసి, రైలు, విమానము, హోటలు, ఓడ అన్నిటిని కలిపి ఒకే మొత్తమునకు అమ్మిన సంస్థ ఆ యాత్రకంతకు తానే పూచీ వహించినట్లు వాదించుటకు మనకు బలము కలుగును. రెండు దుకాణముల ఫలకములు ఒకే తీరున నుండవచ్చును. భేదము రసీదులో కనబడును. కావున సొమ్ము చెల్లించుటకు ముందే "మీరు ఈ టిక్కెట్టును ఇప్పించుచున్నారా, లేక ఈ యాత్రను మీరే నడుపుచున్నారా?" అని అడిగి, జవాబును వ్రాతలో తీసికొనవలెను.

కమీషను సంగతి దాచదగినది కాదు. సాధారణముగా ఓడ కంపెనీయే టిక్కెట్టు ధరలో కొంత శాతమును ఏజెంటునకు ముట్టజెప్పును. అందుచే మనము స్వయముగా కొన్నను, ఏజెంటుచేత కొనిపించినను, పెక్కుసార్లు ధరలో పెద్ద తేడా యుండదు. కొందరు ఏజెంట్లు తమ కమీషనులో కొంత తగ్గింతురు. కొందరు సేవా రుసుమని వేరుగా కలుపుదురు. ఒక కంపెనీ ఎక్కువ కమీషను ఇచ్చుచున్నచో ఏజెంటు ఆ కంపెనీ నౌకనే మెచ్చుకొనుట మానవ సహజము. "ఈ నౌకనే ఏల చెప్పుచున్నారు? ఇదే వారమున మరియొకటి లేదా?" అని అడుగుటలో అమర్యాద ఏమియు లేదు.

ప్రకటనలోని ధర గూర్చియు ఒక మాట. అది తరచుగా ఇద్దరు ఒకే గదిలో ఉన్నచో ఒక్కరికగు ధర. అందును కిటికీ లేని లోపలి గది ధర. ఒంటరిగా పోవువారు రెండవవాని సొమ్ములో చాలభాగము తామే చెల్లింపవలసి వచ్చును. దీనిపైన రేవు రుసుములు, పన్నులు, నౌకా సిబ్బందికి దినమునకు ఇంత అని తీసికొను బహుమానము, ఒడ్డున దిగి ఊరు చూచుటకగు ఖర్చు కలియును. విదేశ యాత్ర ఐనచో, 2020 అక్టోబరునుండి యాత్రా సంస్థ మనయొద్దనే కొంత ఆదాయపు పన్నును ముందుగా వసూలు చేయుచున్నది. దాని శాతము పలుమార్లు మారినది. అది పోయిన సొమ్ము కాదు. పన్ను లెక్కలు దాఖలుచేయునప్పుడు మన ఖాతాలో చూపి సర్దుబాటు చేసికొనవచ్చును. కాని బయలుదేరునాటికి ఆ సొమ్మును చేతిలో ఉంచుకొనవలెను గదా! కావున తుది మొత్తము తెలియనిదే రెండు ధరలను పోల్చిచూచుట వ్యర్థము.

సముద్రమునకు దూరముగా నున్న మనవంటివారి కష్టమంతయు అతుకులలో నున్నది. అశోక్‌నగరులో విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు ఉన్నారనుకొందము. వారు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రియంతయు ప్రయాణించి తెల్లవారునప్పటికి విశాఖ చేరవలెను. ఆ దినముననే ఓడ నెక్కవలెను. రైలు నాలుగు గంటలు ఆలస్యమైనచో ఏమగును? ఓడ వారికొరకు ఆగదు. బయలుదేరు సమయమునకు చాల ముందుగనే ప్రవేశద్వారము మూయుదురు. రైలు టిక్కెట్టు ఒకచోట, ఓడ టిక్కెట్టు వేరొకచోట కొన్నచో, రైల్వేవారు ఓడకు బాధ్యులు కారు; ఓడవారు రైలుకు బాధ్యులు కారు. ఇద్దరి నడుమ సొమ్ము పోగొట్టుకొన్నవారు మాత్రము ఆ దంపతులు. రెండు ప్రయాణములను కలిపి ఒకే సంస్థ అమ్మినచో, ఈ అతుకు ఎవరిదో అడుగుటకు మనకొక మనిషి దొరకును. స్వయముగా కొనువారు ఒకరోజు ముందుగనే రేవు పట్టణమునకు చేరి అచట రాత్రి బస చేయుట క్షేమము. ఆ గది అద్దె, ఏజెంటునకు ఇచ్చు రుసుముతో పోల్చి చూచుకొనదగిన ఖర్చు.

రెండవ అతుకు వీసా. సింగపూరులో ఓడ నెక్కి, మలేషియా రేవు చూచి, మరల సింగపూరులో దిగుట అనగా ఆ దేశమును విడిచి తిరిగి ప్రవేశించుటయే. ఒక్కసారి ప్రవేశమునకు మాత్రమే పనికివచ్చు వీసా అక్కడ చాలదు. అలాస్కా సంగతి మరియు విచిత్రము. 1886వ సంవత్సరపు అమెరికా చట్టమొకటి, విదేశ జెండాగల నౌకలు అమెరికా రేవునుండి అమెరికా రేవునకే ప్రయాణికులను చేరవేయుటను నిషేధించుచున్నది. పెద్ద విహారనౌకలలో అధిక భాగము విదేశ జెండా క్రింద నడచునవే. అందుచే సియాటిల్ నుండి అలాస్కా పోయివచ్చు నౌకలు మార్గమధ్యమున కెనడా రేవును తాకును. అమెరికా వీసా చేతనున్న మన తలిదండ్రులు, కెనడా వీసా లేనందున చివరి క్షణమున ఓడ నెక్కలేకపోవు ప్రమాదము కలదు. అమెరికా పౌరులైన పిల్లలకు ఆ అడ్డు లేదు గనుక వారికి ఈ ఊహయే తోచదు. మంచి ఏజెంటు మొదటి ప్రశ్నగా పాస్‌పోర్టు ఏ దేశముదని అడుగును. అడుగనివాడు ఆ పనికి తగినవాడు కాడని ఎంచవచ్చును.

ఓడ టిక్కెట్టుతోపాటు చిన్న అక్షరములలో ముద్రించిన షరతులు వచ్చును. వానిలో ముఖ్యమైనది, నౌక ఏ రేవునైనను విడిచిపోవుటకు కంపెనీకి గల అధికారము. ఇది కేవలము కాగితపు మాట కాదు. 2022 జూనులో విశాఖనుండి పోయిన యాత్రలోనే నౌక పుదుచ్చేరి తీరముదాక వచ్చియు, స్థానిక ప్రభుత్వపు అనుమతి లభింపకపోవుటచే అక్కడ ప్రయాణికులను దింపలేకపోయినది. పుదుచ్చేరి చూడవలెననియే టిక్కెట్టు కొన్నవారికి ఓడమీదనుండి తీరదర్శనమే మిగిలినది. ఇట్టి విషయమున ఏజెంటు చేయగలది స్వల్పము. కాని ఇట్టిది జరుగవచ్చునని ముందుగా చెప్పుట అతని విధి. "అన్ని రేవులు తప్పక చూపింతురు" అని హామీ ఇచ్చుట తప్పు.

ఒక్కొక్కప్పుడు కంపెనీయే కూలిపోవును. ఆసియా రేవులలో విహారనౌకలు నడిపిన గెంటింగ్ హాంకాంగ్ సంస్థ 2022 జనవరిలో దివాలా స్థితికి వచ్చినది. అంతకు ముందు, 1841లో తన మొదటి రైలు యాత్రను నడిపిన థామస్ కుక్ పేరు వహించిన బ్రిటిషు సంస్థ 2019 సెప్టెంబరు 23వ తేదీన మూతపడినది. మన దేశమున అదే పేరుతో నున్న కంపెనీ వేరు. దానికిని ఆ పతనమునకును సంబంధము లేదు. ఆ సందర్భమున విదేశములందు చిక్కుకొనిన సుమారు లక్షా యాబదివేల మందిని బ్రిటిషు ప్రభుత్వము ఇండ్లకు చేర్చినది. పెద్ద పేరు ఒక్కటే పూచీ కాదని ఈ రెండు ఉదంతములును తెలుపుచున్నవి. బయలుదేరుటకు చాల నెలల ముందే మొత్తము సొమ్ము చెల్లింపుమనువారితో జాగ్రత్తగా నుండవలెను. బయానా ఎంత, మిగిలినది ఎన్నడు, ఏ తేదీలోపల రద్దుచేసికొన్నచో ఎంత తిరిగి వచ్చును అను మూడు సంగతులను తేదీలతో వ్రాయించుకొనవలెను.

సొమ్ము పోయినచో తిరిగి సంపాదించుకొనవచ్చును. ప్రాణమునకు సంబంధించిన సంగతి వేరు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరద పోటుమీద నుండగా, పాపికొండలు చూడబోయిన పర్యాటకుల పడవ కచ్చులూరు వద్ద మునిగిపోయినది. పడవలోని 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడిరి. వారిలో తెలంగాణమునుండి పోయిన కుటుంబములును ఉండెను. నదీగర్భమునుండి ఆ పడవను పైకి తీయుట అక్టోబరు 22వ తేదీకిగాని సాధ్యపడలేదు. నగరములో టిక్కెట్టు అమ్మువానికి నాటి నదీమట్టము కనబడదు; టిక్కెట్టు చేతబట్టుకొని పోయినవానికి వెనుకకు మరలుట మనసొప్పదు. ఈ రెంటి నడుమనే అపాయము పొంచియుండును. కావున నదీ విహారమునకైనను సముద్ర విహారమునకైనను ఏజెంటును అడుగవలసిన ప్రశ్న ఇది: "వాతావరణము బాగులేనిచో మేము మానుకొన్నయెడల మా సొమ్ము తిరిగి ఇత్తురా?" ఇత్తుమని వ్రాసియిచ్చినచో, ప్రమాదపు వేళ "పోవద్దు" అనుకొను ధైర్యము మనకు కలుగును. సొమ్ము పోవునను భయముతో పడవ నెక్కుట అందరికంటె చెడ్డ బేరము.

పెద్ద నౌకలలోను అజాగ్రత్త పనికిరాదు. 2012 జనవరి 13వ తేదీన ఇటలీ తీరమున కోస్టా కంకార్డియా అను నౌక రాతిని ఢీకొని ఒరిగిపోగా 32 మంది మరణించిరి. ఆనాడే ఓడ నెక్కినవారిలో అనేకులకు అప్పటికి రక్షణ అభ్యాసమే జరిగియుండలేదు. దాని తరువాత, ఓడ బయలుదేరుటకు ముందో, బయలుదేరిన వెంటనేనో ఆ అభ్యాసము జరిపితీరవలెనని అంతర్జాతీయ నియమము వచ్చినది. గంట మ్రోగినప్పుడు భోజనశాలనుండి లేచి పోవుటకు విసుగుకొనరాదు.

వయసు మీరినవారికి ఇంకొక సంగతి. "మందులు అయిపోతే నడిసముద్రంలో ఎవరిస్తారండీ?" అని ఇల్లాలు అడిగినచో అది భయస్థురాలి ప్రశ్న కాదు, వివేకవంతురాలి ప్రశ్న. ఓడలో వైద్యుడుండును, కాని ఆ వైద్యమునకు రుసుము హెచ్చు, విదేశ నౌకలలో దానిని డాలర్లలో చెల్లింపవలెను. రక్తపుపోటు, మధుమేహము వంటి పూర్వవ్యాధులను దాచి బీమా తీసికొన్నచో, అవసరమువేళ ఆ బీమా అక్కరకు రాదు. ఏజెంటు టిక్కెట్టుతో కలిపి ఇచ్చు బీమా పత్రమును ప్రత్యేకముగా అడిగి తీసికొని, పూర్వవ్యాధులనుగూర్చి అందేమున్నదో చదువవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను మోసము జరిగినచో దారి లేకపోలేదు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. దీనిప్రకారము ఫిర్యాదుదారు తాను నివసించు చోటనే జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. ఓడ కంపెనీ కార్యాలయము ముంబయిలో ఉన్నను, చిక్కడపల్లివారు ముంబయి పోనక్కరలేదు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. సాధారణముగా రెండేండ్లలోపల ఫిర్యాదు దాఖలు కావలెను. ముందుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అయితే కమిషను ఎదుట నిలుచునది రసీదు, ఉత్తరము, షరతుల పత్రము. "మా వీధివాడే గదా, నమ్మితిమి" అను మాట అచట సాక్ష్యము కానేరదు.

కావున నిర్ణయము ఎట్లు చేయవలెను? మన దేశపు రేవునుండి రెండు మూడు రాత్రుల చిన్నయాత్ర, ఇంటిలో కంప్యూటరు తెలిసినవారున్నారు, ఆరోగ్యము బాగున్నది, ఒకరోజు ముందుగా రేవు చేరగలరు అన్నచో కంపెనీవద్ద స్వయముగా టిక్కెట్టు కొనుట చాలును. ఏజెంటునకు అక్కడ చేయవలసిన పని స్వల్పము. విమానము, వీసా, ఓడ మూడును కలిసినప్పుడు, తాతముత్తవలు మొదలు మనుమల వరకు పది మంది కలసి పోవునప్పుడు, భాష తెలియని దేశమున దిగవలసినప్పుడు, జవాబుదారీ వహించు ఏజెంటునకు ఇచ్చు సొమ్ము దండుగ కాదు. జవాబుదారీ వహింపని ఏజెంటు ఎంత తక్కువకు ఇచ్చినను చౌక కాదు.

సొమ్ము చెల్లించునప్పుడు సంస్థ ఖాతాకే చెల్లింపవలెను గాని వ్యక్తి ఖాతాకు కాదు. జి.ఎస్.టి. సంఖ్యగల రసీదు తీసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఓడ కంపెనీ ఇచ్చిన రిజర్వేషను సంఖ్యను అడిగి తీసికొని, ఇంటికి వచ్చి, ఏజెంటు సాయము లేకుండ నేరుగా ఆ కంపెనీనే అడిగి, మన పేరులు పాస్‌పోర్టులో నున్నట్లే అక్కడ నమోదైనవో లేవో చూచుకొనవలెను. మంచి ఏజెంటు ఈ పరీక్షకు సంతోషించును. కోపించినవాడు మన సందేహమును తానే తీర్చినవాడగును.

నారాయణగూడలో మెట్లెక్కి ఒక కార్యాలయమున కూర్చున్నప్పుడు, గోడమీది నీలిసముద్రపు చిత్రమును చూచి ముచ్చటపడుట సహజమే. ఆ ముచ్చట తీరునట్లు చేయునది మాత్రము బల్లమీది కాగితము. దానిని ఇంటికి తెచ్చి, కండ్లద్దములు పెట్టుకొని, ఇల్లాలితో కలసి తుదివరకు చదివి, మరునాడు పోయి సంతకము చేయుడు. ఒక్కరోజు ఆలస్యమునకు అంగీకరింపని బేరమును వదలుకొనుటయే మేలు.